మోదుగు అడవిలో ముగియని పంక్తి

కొండలకూ సెలయేళ్లకూ కొదవలేని ఒకానొక రాజ్యాన్ని గజకేతుడనే రాజు ఏలేవాడు. తనంతటి అన్నదాత భూమ్మీద లేడని ఆయన గట్టి నమ్మకం. ఊరూరా రాళ్లమీద ఒక శాసనం చెక్కించాడు: “విస్తరి ముందు కూర్చున్నవారిని ఎవరూ లేపరాదు. పంక్తిలో అందరూ తినడం ముగిసేదాకా ఎవరూ లేవరాదు. తప్పినవారు ఎంతటివారైనా నూరు కొరడా దెబ్బలు.”

ఆ రాజుకు ఒకనాడు విజయస్తంభం నిలబెట్టాలనిపించింది. యుద్ధమేదీ జరగలేదు, అది వేరే సంగతి. స్తంభం చుట్టూ ఏనుగులు బారులు తీరడానికి పెద్ద మైదానం కావాలి కదా! కొండవాలున ఉన్న మోదుగు అడవిని కొట్టేయమని దండనాయకుడికి ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ మోదుగాకులతో విస్తళ్లు కుట్టుకుని నలభై ఇళ్లవాళ్లు బతుకుతున్నారు. వాళ్లలో పెద్దది పైడమ్మ. గొడ్డళ్లు వస్తున్నాయని తెలియగానే పడుచువాళ్లు కర్రలు అందుకున్నారు.

“అవి అవతల పారేయండ్రా. వాళ్ల దగ్గర కత్తులున్నాయి. మీ తల్లులకు నేనేం జవాబు చెప్పను?” అంది పైడమ్మ. “పొయ్యిలు వెలిగించండి. చెట్ల కింద విస్తళ్లు పరిచి కూర్చోండి.”

“ఇప్పుడు తిండేమిటి పెద్దమ్మా!”

“నాకు చదువు రాదు గానీ, ఆ రాతిమీద ఏముందో మాత్రం తెలుసు. తినండి.”

దండనాయకుడు వచ్చేసరికి అడవి పొడవునా జనం జొన్నన్నం, గోంగూర పచ్చడి కలుపుకుంటున్నారు.

“లేవండి!” అని గర్జించాడు.

“తింటున్నాం నాయనా,” అంది పైడమ్మ. “ఎండన పడి వచ్చావు, నువ్వూ కూర్చో.”

ఒక పంక్తి లేచేలోపు పక్కనే ఇంకో పంక్తి కూర్చునేది. మూడు రోజులు గడిచాయి. ఒక్క కొమ్మ తెగలేదు. గొడ్డళ్లవాళ్లు ఆకలికి ఆగలేక తామూ విస్తళ్లు అడిగారు.

నాలుగోనాడు రాజే ఏనుగెక్కి వచ్చాడు.

“నా శాసనాన్నే నాకు అడ్డం పెడతారా? చూడండి నా తెలివి! ఈ పంక్తికి చివర నేను కూర్చుంటాను. నా తరవాత ఎవరూ కూర్చోకూడదు, కొత్త పంక్తి వేయకూడదు. మేం లేవగానే గొడ్డళ్లు కదలాలి!”

ఈ ఎత్తు పైడమ్మ ఊహించలేదు. వడ్డిస్తూనే పంక్తి అంతా కలయజూసింది. నడుమన, నోట్లో ఒక్క పన్నైనా లేని, సన్యాసి అనే పేరుగల తాత కనబడ్డాడు. గరిటెతో ఆయన విస్తరి నింపింది.

“తాతా,” అని అందరికీ వినబడేలా కేకేసింది, “మెల్లిగా తిను. గొంతుకు అడ్డం పడుతుంది.”

తాత తలూపి ఒక్క మెతుకు నోట్లో వేసుకున్నాడు. చప్పరించాడు. ఇంకో మెతుకు వెతుక్కున్నాడు.

రాజు నాలుగు ముద్దల్లో ముగించాడు. తక్కినవాళ్లూ ముగించారు. చేతులు ఎండిపోయాయి. తాత ఇంకా మూడో మెతుకు దగ్గరే ఉన్నాడు. రాజుగారి కుడికాలు తిమ్మిరెక్కింది, తరవాత ఎడమకాలు.

“దండనాయకా! ఆ ముసలాణ్ణి లేపు!”

“ప్రభూ, నూరు కొరడా దెబ్బలు...” అని నసిగాడు దండనాయకుడు.

“పోనీ, నేనే లేస్తాను!”

“ఎంతటివారైనా అని తమరే చెక్కించారు ప్రభూ,” అంది పైడమ్మ, మజ్జిగ ముంత అందిస్తూ.

రాజు లేవబోయినవాడల్లా కూలబడ్డాడు. ముంతెడు మజ్జిగా గటగటా తాగాడు.

“అసలీ తాత చెయ్యి కడిగేదెప్పుడు?”

“కడుపు నిండినప్పుడు ప్రభూ.”

“ఎప్పుడు నిండుతుంది?”

“రేపు ఈ అడవి ఉంటుందో లేదో తెలియనివాడికి ఇవాళ కడుపెలా నిండుతుంది? ఆ కబురు తమరి నోట రావాలి. తమరు తిన్న ఆకు కూడా ఈ చెట్లదే. ఇవి పోతే అన్నదాతగారు దేనిలో వడ్డిస్తారు?”

రాజు తన విస్తరికేసి చూశాడు. పైనున్న నీడకేసి చూశాడు. దండనాయకుడి బిక్కమొహం చూసేసరికి నవ్వు పొంగుకొచ్చింది. తిమ్మిరెక్కిన కాళ్లు పట్టుకుని మరీ నవ్వాడు.

“నీ ముందు నా సైన్యం ఎందుకూ కొరగాలేదు పెద్దమ్మా! స్తంభమూ లేదు, మైదానమూ లేదు. ఈ అడవి మీ నలభై ఇళ్లది. పచ్చని చెట్టుమీద గొడ్డలి పెడితే నూరు దెబ్బలని రాతిమీద చెక్కిస్తాను. ఇదిగో, నీకు నా ముత్యాలహారం!” అని మెడలోంచి తీసి ఇచ్చాడు. “తాతా, విన్నావుగా? ఇక చెయ్యి కడుగు!”

సన్యాసి తాత మొహం విప్పారింది.

“చల్లని మాట చెప్పారు దొరా! నాలుగు రోజుల తరవాత ఇప్పుడే ఆకలి తెలుస్తోంది. పైడీ, మారు వడ్డించమ్మా!”

రాజు కాళ్లు సర్దుకుని తన విస్తరీ ముందుకు జరిపాడు.

“నాకూ వెయ్యి. పచ్చడి కాస్త ఎక్కువే.”