కొమురవ్వ చేలో బుడమతీగ

అనగనగా చిట్టీ, పుట్టింటినుంచి మూడు రోజులు నడిస్తే గానీ చేరలేని ఒక నల్లరేగడి ఊళ్ళో కొమురవ్వ అనే కోడలు ఉండేది. ఆమెకి మూడో నెల. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు.

మనసంతా బుడమకాయల మీదే. పుట్టింటి చేలగట్ల మీద తీగలకి నిమ్మకాయంత కాసి, పండితే పుల్లపుల్లగా ఉంటాయే, అవి. ఈ ఊళ్ళో వాటి పేరు కూడా ఎవరికీ తెలీదు.

అత్త రాజవ్వ చింతకాయ తెచ్చింది. నోటికి పట్టలేదు. అప్పుడు ఉసిరికాయ తెచ్చింది. అదీ పట్టలేదు. ఆ తర్వాత మొగుడు సంతకి పోయి దోసకాయ తెచ్చాడు. పాపం, ఎండలో పడి వచ్చాడని ఒక ముక్క తింది.

ఆ నెలాఖరుకి ఆమె అన్న బీరయ్య గొర్రెల మందని తోలుకుని వచ్చాడు. కోతలయ్యాక ఏటా వచ్చి, ఎరువు కోసం చెల్లెలి చేలో మూడు రోజులు మంద పెట్టేవాడు.

"అన్నా, బుడమకాయలేమన్నా తెచ్చావా?"

బీరయ్య తల దించుకున్నాడు. "నాకు తెలీదు కదే తల్లీ. గట్ల మీద మిగిలినవన్నీ బయల్దేరే రోజు గొర్రెలు మేసేశాయి."

"పోనీలే" అంది. మూడు రోజులయ్యాక మంద వెళ్ళిపోయింది. ఆ దుమ్ము అణిగేదాకా కొమురవ్వ చేలోనే నిలబడింది.

అప్పుడు ఎండలు ముదిరాయి. ఆ తర్వాత వానలు పడ్డాయి. ఆ తర్వాత ఆడపిల్ల పుట్టింది. పసిదాన్ని ఎత్తుకుని చేనికి పోతే, జొన్నల మధ్య గరుకాకుల బుడమతీగ! గొర్రెలు పళ్ళు తిన్నాయి కదా చిట్టీ, ఆ గింజలు వాటి కడుపులో మూడు రోజులు నడిచొచ్చి, పెంటికలతో చేలో పడి, వాన కోసం కాచుకుని ఉన్నాయి.

మొగుడు కలుపనుకుని పీకబోతే "ఉండనీ" అంది. రోజూ వెళ్ళి చూసేది. మొదట పసుప్పచ్చని పూలు పూసి ఊరికే రాలిపోయాయి. అప్పుడు, అడుగున బుల్లి పిందె ఉన్న పూలు పూశాయి. తేనెటీగ, ఇంకా పూస్తున్న పిందె లేని పూల పుప్పొడి తెచ్చి ఈ పూలకి అంటించింది. పువ్వు వాడింది, పిందె కాయైంది, కాయ పండైంది.

తొలిపండు కొరికేసరికి కొమురవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పులుపా?" అంది అత్త.

"అవునత్తా."

రాజవ్వ కూడా ఒకటి కొరికింది. చాలాసేపు నమిలింది.

"మాది అడవి దిక్కు. చిన్నప్పుడు తునికిపండ్లు తినేవాళ్ళం. అటునుంచి ఈ ఊరికి ఏ మందా రాలేదమ్మా" అంది.

కొమురవ్వ ఇంకో పండు తెంపి అత్త చేతిలో పెట్టి, గట్టు మీద ఆమె పక్కనే కూర్చుంది.

గింజ దారి నేలకెరుక,
కథ దారి కంచికెరుక,
నిద్ర దారి నీ కంటికెరుక.