చిల్లులు పడ్డ బూరెలు

గవర్రాజు, అతని పెళ్ళాం మాణిక్యం, తమ్ముడు చిట్టెయ్య. ముగ్గురికీ ఒకటే గర్వం. "ఊళ్ళో తెలివంతా పోగేస్తే మన గడప లోపలే సరిపోతుంది, బయట చుక్క మిగలదు" అని పొద్దున్నే ఒకరినొకరు మెచ్చుకుంటే గానీ కాఫీ దిగదు వాళ్ళకి.

అలాంటి మాణిక్యానికి దవడ పన్ను పుచ్చింది. మర్నాడే ఆవిడ అన్నయ్య సూరన్న గృహప్రవేశం. అక్కడ బూరెలు! బూరెలంటే మాణిక్యానికి పంచప్రాణాలు. బుగ్గ పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరు పంటి చిల్లు పూడ్చాడు. "చిల్లు కనబడగానే పూడ్పించుకోవాలమ్మా, లేకపోతే పక్కవాటికి పాకుతుంది. లేవగానే తోముకోండి. రాత్రీ అంతే, తోముకున్నాక మరేమీ తినకుండా పడుకోవాలి. ఒకరి బ్రష్షు ఒకరు వాడకండి" అన్నాడు.

ఇంకేముంది! మాణిక్యం ఇంటికొచ్చి ఆ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. తెల్లారి ముగ్గురూ లేచారు, తోముకున్నారు. మాణిక్యం కాఫీ గిన్నె అందుకోబోతే గవర్రాజు గద్దించాడు.

"తోముకున్నాక తినకుండా పడుకోమన్నాడు కదే!"

అంతే, ముగ్గురూ పడుకున్నారు. లేచారు. లేస్తే తోముకోవాలి కదా, తోముకున్నారు. తోముకుంటే పడుకోవాలి కదా, మళ్ళీ పడుకున్నారు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి.

"బూరెలు అయిపోతాయేమోనండీ!" మాణిక్యం నురగ నోటితోనే ఏడుపు లంకించుకుంది.

"తెలివైనవాళ్ళు ఏడవరు, పడుకో వదినా" అన్నాడు చిట్టెయ్య.

మధ్యాహ్నం సూరన్నే వచ్చి, చీవాట్లు పెట్టి, ముగ్గురినీ లాక్కెళ్ళి విస్తళ్ళ ముందు కూలేశాడు. సూరన్న పెళ్ళాం బూరెల బుట్ట తెచ్చింది. పాపం ఆకలి మీదున్నారని బూరెలన్నిటికీ తనే వేలితో చిల్లులు పొడిచి, నేతిగిన్నె పక్కన పెట్టింది.

మాణిక్యం బూరెను నోటిదాకా తెచ్చి కెవ్వుమంది. "చిల్లు! ఏవండీ, దీనికి చిల్లు!"

గవర్రాజు బుట్టంతా వెతికాడు. "ఓరి నాయనో, అన్నిటికీ పాకేసిందే!"

"చిన్నప్పట్నుంచీ చిల్లు బూరెలే తిన్నాను! అదే నా పంటికి అంటుకుంది!" మాణిక్యం లబోదిబోమంది.

"ఒసే పిచ్చిమొహమా, అది నెయ్యి పోసుకోడానికే..." అని సూరన్న అంటూనే ఉన్నాడు, ముగ్గురూ బుట్ట ఎత్తుకుని డాక్టరు దగ్గరికి లగెత్తారు.

"బాబ్బాబు, పీకకండి, పూడ్చండి చాలు" అని మాణిక్యం బుట్టను రోగుల కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టరు పగలబడి నవ్వి, ఓ బూరె తీసి నోట్లో వేసుకున్నాడు.

"పూడ్చమంటే పీకేశాడే!" గవర్రాజు గుండెలు బాదుకున్నాడు.

మిగతావైనా దక్కించుకోవాలని మాణిక్యం గబగబా నోట్లో దాచడం మొదలెట్టింది. ఒకటి దాచేలోగా ఇంకోటి గొంతు దిగిపోతోంది. అబ్బ, ఏం రుచి! బుట్ట ఖాళీ అయ్యాక గానీ అసలు సంగతి తట్టలేదు. చిల్లులు పూడ్చకుండానే మింగేసింది!

"వదిన పొట్ట పుచ్చిపోతుందేమో అన్నయ్యా!" చిట్టెయ్య గొల్లుమన్నాడు.

"తెలివి ఉన్నది ఇలాంటప్పుడు వాడడానికేరా" అన్నాడు గవర్రాజు.

ఇంటికెళ్ళి చాప పరిచారు. మాణిక్యం పొట్టనిండా పేస్టు పూసి, ముగ్గురూ కలిసి నురగలొచ్చేలా తోమారు. ఆపైన మంచినీళ్ళయినా ఇవ్వకుండా ఆవిణ్ణి పడుకోబెట్టారు. అంత కంగారులోనూ ఒకరి బ్రష్షు ఒకరు మాత్రం ముట్టుకోలేదు, అంత తెలివైనవాళ్ళు!