అనుభవం అప్పగించిన లోవరాజు

తాడేపల్లిగూడెంలో తెలివైన వాళ్ళెవరని అడిగితే మా పక్కింటి మాణిక్యాలరావు ఏమాత్రం మొహమాటపడకుండా తన ఇంటి నంబరే చెబుతాడు. ఆ ఇంట్లో ఆయన, ఆయన భార్య సత్యవేణి, కొడుకు లోవరాజు ఉంటారు. ముగ్గురూ తెలివైన వాళ్ళే. ముగ్గురిలో ఎవరు ఎక్కువో తేలక అప్పుడప్పుడూ నన్ను తీర్పు చెప్పమంటారు. వాళ్ళ లెక్కలో తెలివంటే ఎదుటివాడు ఏమంటే అది, అన్నది అన్నట్టు చెయ్యడం. మాటలోంచి వేరే అర్థాలు లాగేవాళ్ళంతా పని ఎగ్గొట్టే రకాలని మాణిక్యాలరావు నమ్మకం.

నాది జిరాక్స్ షాపు. ఊళ్ళో ఎంతమందికి ఉద్యోగాల్లేవో గవర్నమెంటు కంటే నా మిషనుకే బాగా తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట లోవరాజు బయోడేటా కూడా నా దగ్గరికే వచ్చింది. ఒక్క పేజీ దాటితే ఎవరూ చదవరని వీళ్ళకి ఎవరో చెప్పారట. చూస్తే వీడి చరిత్ర పురిటి దగ్గర్నుంచీ ఉంది. కొంత తీసేద్దామన్నాను. తీసేస్తే అబద్ధమాడినట్టు కాదా అన్నాడు తండ్రి. అంతే, పక్క వీధికి వెళ్ళి ఫ్లెక్సీ కొట్టించారు. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పేజీ మాత్రం ఒక్కటే. దాన్ని చాపలా చుట్టి, చెరో కొసా భుజాన పెట్టుకుని పార్సిల్ కంపెనీ గోడౌనుకి వెళ్ళేసరికి వాన మొదలైంది. బయట సరుకు తడిసిపోతోంది. మేనేజరు చక్రపాణి ఆ ఫ్లెక్సీ లాక్కుని పార్సిళ్ళ మీద కప్పించి, వీణ్ణి మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నాడు. బయోడేటా బాగుంటే ఉద్యోగం వస్తుందంటారు, అది నిజం కావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మరి మాటకి కట్టుబడే మనిషి కదా, పని మాత్రం బాగా చేశాడు. ఏ పార్సిల్ ఏ ఊరంటే ఆ ఊరే వెళ్ళేది. తొమ్మిదేళ్ళూ కాంట్రాక్టే. ప్రతి ఏప్రిల్లోనూ చక్రపాణి వీడి భుజం తట్టి, వచ్చే ఏడాది తప్పకుండా పర్మనెంట్ చేస్తామనేవాడు. ఆ వచ్చే ఏడాది ఏది అని ఇంట్లో ఎవరూ అడగలేదు. వచ్చే ఏడాది అన్నారు కాబట్టి, అది ఇంకా రాలేదు కాబట్టి, ఆయన మాట తప్పినట్టు కాదని వాళ్ళ వాదన.

ఆఖరికి రాజమండ్రిలో ఒక పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. గోడౌను పనే, కానీ పర్మనెంట్. తొమ్మిదేళ్ళ అనుభవం ఉంది కాబట్టే తీసుకుంటున్నామని, పాత కంపెనీ వాళ్ళ చేత రిలీవింగ్ లెటర్ రాయించుకుని ఒకటో తారీఖు పది గంటలకల్లా వచ్చి చేరమని ఆర్డరులో రాశారు. సత్యవేణమ్మ ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరిగింది. చదువురాని వాళ్ళకి చదివి వినిపించింది. ఇటు లోవరాజు రాజీనామా ఇచ్చేశాడు. వాడి సీటులోకి జగ్గంపేట నుంచి ప్రభుదాసు అనే ముప్ఫై అయిదేళ్ళాయన వచ్చేశాడు కూడా. కాబట్టి ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. రాజమండ్రి ఉద్యోగం దక్కితే దక్కినట్టు, లేకపోతే తొమ్మిదేళ్ళు గోదాట్లో కలిసినట్టు.

చక్రపాణికి ఒళ్ళు మండింది. మండదా మరి, గొడ్డులా చేసేవాడు వెళ్ళిపోతుంటే. వాడిని పిలిచి గట్టిగా చెప్పాడు.

"నీకు తెలిసిందంతా ఈ ప్రభుదాసుకి అప్పగించు. ఒక్కటి కూడా నీ దగ్గర మిగలకూడదు. అప్పుడే లెటర్ ఇస్తా."

ఇంకేముంది, మొదలైంది. మొదటివారం బాగానే జరిగింది. ఏ డ్రైవరుకి ఏ రూటు, గణపవరం వ్యాను కదలనని మొండికేస్తే ఎక్కడ తన్నాలి, ఏ షాపువాడు సరుకు దింపుకుని సంతకం పెట్టకుండా తప్పించుకుంటాడు, అన్నీ చెప్పాడు. ప్రభుదాసు శ్రద్ధగా ఒక నోట్‌బుక్ నిండా రాసుకుని, అయిపోయిందనుకుని మూసేశాడు. ఇవి గోడౌను సంగతులే, నాకు తెలిసిందంతా అన్నారు కదా అని లోవరాజు రెండో నోట్‌బుక్ తెప్పించాడు. అందులో ఎక్కాలు రాయించాడు. పదహారో ఎక్కం దాకానే, పదిహేడు వాడికి రాదు. మూడో దాంట్లో గోంగూర పచ్చడి ఎలా పెట్టాలో, వీధిలో ఎవరింటి కుక్క కరుస్తుందో రాయించాడు. మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చిన సత్యవేణమ్మ పక్కన కూర్చుని, చిన్నప్పుడు నీకు తట్టు పోసింది, అది చెప్పావా నాన్నా అని గుర్తు చేసేది. ప్రభుదాసు ఏడవలేక రాసుకునేవాడు. ఆయనకీ ఉద్యోగం కొత్త, నోరెత్తితే ఏమవుతుందోనని భయం.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ మాణిక్యాలరావుకి ఒక ధర్మసందేహం వచ్చింది. గిన్నెలో పాలు ఇంకో గిన్నెలో పోశాక మొదటి గిన్నెలో పాలుంటాయా? ఉండవు. మరి అప్పగించేశాక కూడా అది మనవాడికి తెలిసుంటే దొంగతనం కాదా? కొడుకు కంగారుపడ్డాడు. ఆవేళ నుంచీ ఏది అప్పగిస్తే అది తెలియకపోవడం మొదలెట్టాడు.

మోటారు సైకిల్ నడపడం అప్పగించిన రోజు బండి తోసుకుంటూ ఇంటికొచ్చాడు. ప్రభుదాసు నాకూ బండి నడపడం వచ్చండీ అని మొత్తుకుంటే, అయితే నీకు రెండుసార్లు వచ్చినట్టు, జాగ్రత్తగా వాడుకో అన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం అప్పగించాక తండ్రి పెట్టేవాడు. ఇంటికి దారి అప్పగించాక ప్రభుదాసే రోజూ సాయంత్రం తీసుకొచ్చి గుమ్మంలో దింపేవాడు. సత్యవేణమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి, మీరు చాలా చురుకైన వారండీ, మా ఇల్లు ఇట్టే కనిపెట్టారు అనేది.

నాకు ఉండబట్టలేక వెళ్ళి అడిగాను. చదువు చెప్పిన మాస్టారికి చదువు పోతుందటయ్యా? మాణిక్యాలరావు నన్ను జాలిగా చూశాడు.

"ఆయనకెవరూ నీ దగ్గర ఒక్కటి కూడా మిగలకూడదని చెప్పలేదు కదండీ."

దానికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.

ఆఖరిరోజుకి ఏడు నోట్‌బుక్కులు నిండాయి. ఏడో దాంట్లో వాడి పేరు, పుట్టినరోజు, అమ్మానాన్నల పేర్లు, అమ్మని ఏమని పిలుస్తాడు, ఏ కూరంటే ఇష్టం, అన్నీ ఎక్కేశాయి. తెలిసిందంతా అప్పగించాను, నా దగ్గర ఏమీ మిగల్లేదు అని కాగితం తయారైంది. దానికింద సంతకం పెట్టాలి. సంతకం పెట్టడం గురువారమే అప్పగించేశాడు. అంతే, లోవరాజు సంతకం కూడా ప్రభుదాసే పెట్టాడు. చక్రపాణి ఆ కాగితం చూడకుండానే ఫైల్లో పెట్టి లెటర్ ఇచ్చాడు. కాగితాలు ఫైల్లో పెట్టడానికే గానీ చదవడానికి కాదని ఆ ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు.

ఒకటో తారీఖున రాజమండ్రికి నన్నూ తోడు రమ్మన్నారు. వెళ్ళాం. హెచ్చార్ మేడమ్ పేరు సుచరిత. మంచినీళ్ళిప్పించి, నవ్వుతూ, తొమ్మిదేళ్ళ అనుభవం ఉందన్నారు కదా, గోడౌనులో సరుకు ఎలా సర్దుతారో చెప్పండి అంది.

"ఉండేదండీ. అప్పగించేశాను" అన్నాడు లోవరాజు. రుజువుగా, నా షాపులో తీయించిన ఆ కాగితం జిరాక్స్ కూడా ఇచ్చాడు.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. పోనీ పేరు చెప్పండి అంది. వాడు తండ్రి వంక చూశాడు. తండ్రి నోటిమీద వేలేసుకున్నాడు, చెబితే మాట తప్పినట్టని. అది ఏడో నోట్‌బుక్‌లో ఉందండీ అన్నాడు లోవరాజు వినయంగా. నేను కల్పించుకుని, మేడమ్, వీడికి అన్నీ తెలుసు, కాకపోతే తెలియనట్టు ఉంటున్నాడు అన్నాను. ఆవిడ తల ఊపి, ఇక్కడా అలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారండీ, కొత్తగా అవసరం లేదు అంది. మనసు మంచిదే కాబోలు, ఒక గడువిచ్చింది. రేపు పది గంటలకల్లా ఆ అనుభవంతో వస్తే సరే, లేకపోతే ఆర్డరు రద్దు.

తిరుగు బస్సులో లోవరాజు కిటికీ పక్కన కూర్చుని, ఇది ఏ ఊరు, అది ఏ ఊరు అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా బోర్డు చూసి చెప్పాను. తొమ్మిదేళ్ళు ఆ ఊళ్ళన్నిటికీ పార్సిళ్ళు పంపినవాడు.

తిన్నగా గోడౌనుకి వెళ్ళి ప్రభుదాసుని పట్టుకున్నాం. నోట్‌బుక్కులు తిరిగివ్వమన్నాం. ఆయనకీ ఇవ్వాలనే ఉంది, పీడ విరగడవుతుందని. కానీ చేరిన రోజునే ఆయన చేత చక్రపాణి ఒక కాగితం రాయించుకున్నాడట, గోడౌనులో తెలుసుకున్న ఏ విషయమూ బయటివాళ్ళకి చెప్పనని. మాణిక్యాలరావు ఆ కాగితం తెప్పించుకుని చదివి, వెంటనే ప్రభుదాసు పక్షం చేరిపోయాడు. నువ్వు బయటివాడివి, ఆయన్ని ఎలా అడుగుతావురా, బుద్ధుందా అని కొడుకునే కోప్పడ్డాడు. వాళ్ళమ్మ గోంగూర పచ్చడి కూడా ఆ దెబ్బతో కంపెనీ రహస్యమైపోయింది.

అప్పుడు మాణిక్యాలరావుకే ఆలోచన వచ్చింది. తెలివైన వాడు కదా. మేడమ్ అనుభవంతో రమ్మంది గానీ, అది మన బుర్రలో ఉండాలని అనలేదు. ప్రభుదాసు ఏమీ చెప్పక్కర్లేదు, ఊరికే వెంట వస్తే అనుభవం వచ్చినట్టేగా?

ఇంకేముంది, మర్నాడు పది గంటలకి నలుగురం హాజరు. ప్రభుదాసు సెలవు పెట్టి వచ్చాడు. అయ్యా, ఈ ఆలోచన బాగోలేదు అని నేను బస్సులోనే చెప్పాను. విన్నదెవరు? మేడమ్ ప్రశ్నలు ప్రభుదాసునే అడిగింది. సరుకు సర్దడం గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గోడౌను సంగతులు బయటివాళ్ళకి చెప్పకూడదని నిన్న అన్నాడే, ఇవాళ ఆ కాగితం ఆయనకి గుర్తు రాలేదు. మధ్యలో ఒకసారి లోవరాజు వైపు చూసి తల దించుకున్నాడు. జీతం, పర్మనెంట్ అనే మాటలు వినపడ్డాక మళ్ళీ ఎత్తాడు.

సుచరిత మేడమ్ అయిదు నిమిషాలు ఆలోచించి, మాకు కావాల్సింది అనుభవం, అది ఈయన దగ్గరుంది కాబట్టి ఈయన్నే తీసుకుంటాం అంది. ఆర్డరులో పేరు మార్చి మళ్ళీ ప్రింటు తీయించింది. రెండు నిమిషాల పని. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చి, మీ కొడుకు ఉద్యోగం పోయిందయ్యా అని మాణిక్యాలరావు మీద అరిచాను. ఆయన ఆ కొత్త ఆర్డరు కళ్ళకద్దుకుంటున్నాడు.

"పోవడమేంటండీ, మా లోవరాజు అనుభవానికి పర్మనెంట్ అయితేనూ."

ఇంటికొచ్చేసరికి సత్యవేణమ్మ కాజాలు తెప్పించి వీధంతా పంచేసింది. గుమ్మంలో దిష్టి తీసింది ప్రభుదాసుకి. నేను ముందు పొరపాటనుకున్నాను. కాదు, ఆవిడ అన్నీ కనుక్కునే తీసింది. పుట్టినరోజు అడిగితే చెప్పాడు. ఒంటిమీద మచ్చ ఎక్కడో అడిగితే, నాలుగో నోట్‌బుక్కు అండీ, ఎడమ మోకాలు అన్నాడు. ఏ కూర ఇష్టమంటే పనసపొట్టు అన్నాడు. మరి నన్నేమని పిలుస్తావంటే సిగ్గుపడుతూనే పిలిచాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, మా అబ్బాయి గురించి ఇన్ని తెలిసినవాడు మా అబ్బాయి కాక ఇంకెవడవుతాడు అని లోపలికి తీసుకెళ్ళి పీట వేసింది. మాణిక్యాలరావు కూడా పక్కనే కూర్చున్నాడు.

లోవరాజు బయట అరుగు మీదే ఉండిపోయాడు. లోపలికి వెళ్ళడం మర్యాదో కాదో వాడికి తెలీలేదు. పనసపొట్టు కూర వాసన వస్తోంది. కాసేపటికి సత్యవేణమ్మ బయటికొచ్చి వాణ్ణి చూసింది. నా చెవి దగ్గరకొచ్చి, ఎవరో పాపం, పొద్దుట్నుంచీ మావాడి వెంట తిరుగుతున్నాడు, ఏం తిన్నాడో ఏమో అంది. విస్తరి తెచ్చి అరుగు మీదే వేసి, కూర రెండుసార్లు అడిగి వడ్డించింది. ఉద్యోగం లేకపోతే దిగులుపడకు బాబూ, మా అబ్బాయికి ఇప్పుడే పర్మనెంట్ అయింది, నీ గురించి చెప్పిస్తాలే అని ధైర్యం కూడా చెప్పింది.

వాడు కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని నా పక్కన చేరి ఆ ఇంటి వైపే చూస్తూ, "ఎంత మంచివాళ్ళండీ. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడు అదృష్టవంతుడు" అన్నాడు.