గాలి మార్పు

గుండ్లపెంటలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, సుబ్బరత్తమ్మ తన గడప చూపించేది. ఎవరూ అడక్కపోయినా చూపించేది. ఊళ్ళో మిగతావాళ్ళు చెప్పినదానికి సగం వింటారు, సగం సొంతంగా ఊహించుకుంటారు, అందుకే చెడిపోతున్నారని ఆమె నమ్మకం. తన ఇంట్లో అట్లా కాదు. మొగుడు పుల్లన్న, మరిది గిడ్డయ్య, అత్త లింగమ్మవ్వ, అందరూ చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనుషులు.

ఆ ఇంటికి బతుకుదెరువు రెండు గుర్రాలు. పెళ్ళి ఊరేగింపులకు పంపిస్తారు. మగదాని పేరు కలెక్టరు, ఎవరొచ్చినా లేవదు గనక. ఆడది తెల్లది, మల్లె. తల్లి చచ్చిపోతే పిల్లగా ఉన్నప్పుడు సుబ్బరత్తమ్మే సీసాతో పాలు పట్టి పెంచింది.

ఆ మల్లె ఉన్నట్టుండి మేత మానేసింది. ఉలవలు పెడితే మూతి తిప్పుకుంటుంది. పశువుల డాక్టరు వచ్చి నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు, జబ్బేమీ లేదన్నాడు. ఊరేగింపుల్లో బ్యాండు మోతకీ టపాకాయల పొగకీ బేజారెత్తి ఉంటుంది, దక్షిణాన కొండల మీద గుర్రాలతో సహా ఉండే క్యాంపు ఒకటుంది, ఇంటిల్లిపాదీ వెళ్ళి దానికి గాలి మార్పు చేసుకు రండి అన్నాడు.

అంతే. ఇల్లంతా గాలి పట్టడంలో పడింది. మార్చాలంటే పాతది తీసుకెళ్ళాలి కదా. పుల్లన్న కొట్టంలో గాలి పట్టాడు. గిడ్డయ్య వంటింటి గాలి పట్టాడు. లింగమ్మవ్వ తన మంచం కింది గాలి చాలా పాతదని, దాన్ని విడిగా మూటకట్టమంది. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కవర్లన్నీ ఉబ్బిపోయాయి. వాటిని కలెక్టరు వీపు మీద కట్టి బయల్దేరారు. దారిలో ఎవరో గుర్రం మీద అంత బరువేమిటని అడిగితే, గాలే అని చెప్పి పుల్లన్న గర్వంగా నవ్వాడు.

క్యాంపు కాపలాదారు దస్తగిరి మంచివాడు. చోటు చూపించి, టెంటు వేసిపెట్టి, మూడు మాటలు చెప్పాడు. గుర్రాలను నీడలో కట్టేయండి. కోతులున్నాయి, సామాను మీద ఒక కన్నేసి ఉంచండి. మంట ఆర్పకుండా మాత్రం ఎవరూ ఇక్కణ్ణించి కదలొద్దు, ఎండాకాలం, అడవి అంటుకుంటుంది.

అర్థమైందా అని కూడా అడిగాడు పాపం. మా ఇంట్లో ఒకసారి చెబితే చాలని సుబ్బరత్తమ్మ అంది.

గిడ్డయ్య నీడలో గుంజ పాతి గుర్రాలను కట్టాడు. కాసేపటికి చూస్తే గుంజ ఎండలో ఉంది. పీకి మళ్ళీ నీడలో పాతాడు. నీడ మళ్ళీ జరిగింది. ఈ ఊరి నీడకు కాలు నిలవదని విసుక్కుంటూ పొద్దంతా గుంజ పట్టుకుని దాని వెంట తిరిగాడు. మధ్యాహ్నం దాటేసరికి నీడ పోయి బండ మీద పడింది. బండలో గుంజ దిగుతుందా? దాని మీద నిలబెట్టి, చుట్టూ నాలుగు రాళ్ళు పేర్చి, చేతులు దులుపుకున్నాడు.

ఇక సామాను. ఒక కన్నే వేయమన్నాడు గనక సుబ్బరత్తమ్మ కుడికన్ను కొంగుతో కట్టేసుకుని ఎడమకంటితో కూర్చుంది. పుల్లన్ననూ అట్లాగే కూర్చోబెట్టింది. కోతులేమో కుడివైపు నుంచి వచ్చాయి. చప్పుడు విని పుల్లన్న తల తిప్పబోతే, అది మన కన్ను కాదని ఆపింది.

ఇంకేముంది. కోతులు గాలి కవర్లు ఎత్తుకుని చెట్టెక్కి, తినేదేమైనా ఉందేమోనని కొరికాయి. ఠప్, ఠప్ అని ఒక్కొక్కటే పేలింది. మంచం కింది గాలి అన్నిటికన్నా గట్టిగా పేలింది. టపాకాయలనుకుని మల్లె బెదిరి ఒక్క గుంజు గుంజింది. రాళ్ళు అటు, గుంజ ఇటు. రెండు గుర్రాలూ దుమ్ము లేపుకుంటూ అడవిలోకి పరుగెత్తాయి.

సుబ్బరత్తమ్మ కంటికి కట్టిన కొంగు విప్పుకుని లేచింది. వెంటపడబోయి, ఆగిపోయింది. మంట ఆర్పకుండా కదలకూడదు. ఆర్పుదామంటే మంట లేదు, ఇంకా పొయ్యే వెలిగించలేదు.

"నిలబడి చూస్తారేం, మంట పెట్టండి, ఆర్పేసి పోదాం," అంది.

పుల్లన్న పుల్లలు ఏరాడు. గిడ్డయ్య అగ్గిపెట్టె వెతికాడు. గాలికి మంట అంటుకోదు. లింగమ్మవ్వ ఊదీ ఊదీ దగ్గుతోంది. చివరికి అంటుకుంది. అది బాగా రాజుకునేదాకా ఆగి, బిందెడు నీళ్ళు గుమ్మరించి, అప్పుడు కదిలారు. అప్పటికి గుర్రాలు పోయిన దిక్కున దుమ్ము కూడా లేదు.

దస్తగిరి పరుగున వచ్చి తల పట్టుకున్నాడు. అవ్వను టెంటులోనే ఉండమని, మిగతావాళ్ళను తలో దిక్కూ వెళ్ళమన్నాడు. కనిపిస్తే కేకేయండి అన్నాడు.

సుబ్బరత్తమ్మకు తుమ్మచెట్టు కనిపించింది. కేకేసింది. పుట్ట కనిపించింది, కేకేసింది. నెమలి కనిపించింది, అదీ కేకేసింది, ఈమె కూడా వేసింది. అటు నుంచి పుల్లన్న కేకలు, ఇటు నుంచి గిడ్డయ్య కేకలు. దస్తగిరి ప్రతి కేకకూ అటొకసారి ఇటొకసారి పరుగెత్తి, చివరికి ఒక చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

పొద్దు వాలేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. వాగు ఒడ్డున కూర్చుంది. సీసా పట్టుకుంటే పాలతో పాటు తన వేళ్ళు కూడా చప్పరించిన పిల్ల గుర్తొచ్చింది. చీకటి పడితే అది బెదిరిపోతుందనుకుంది. కళ్ళు తుడుచుకుంటుంటే మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. వెనక్కి తిరిగితే మల్లె. ఆ కేకలు ఎవరివో గుర్తుపట్టి, వాటి వెంటే వచ్చింది. నోటి నిండా పచ్చగడ్డి. కసకసా నములుతోంది. దాని వెనక కలెక్టరు, ఏమీ పట్టనట్టు.

సుబ్బరత్తమ్మ కేకేద్దామని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. కనిపిస్తే కేకేయమన్నాడు. కేక పడలేదంటే ఇంకా కనిపించనట్టే. ఉసూరుమంటూ లేచి మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది. ఆమె పొద వెనక వెతికితే మల్లె కూడా పొద వెనక్కి వచ్చింది. ఆమె వాగు దాటితే అదీ దాటింది. అట్లా వెతుక్కుంటూ వెతుక్కుంటూ మసక పడే వేళకు క్యాంపు చేరింది.

"అక్కా, దొరికాయా?" అని దస్తగిరి ఎదురొచ్చాడు.

ఆమె కన్నీళ్ళతో తల అడ్డంగా ఊపింది. మల్లె ఆమె భుజం మీద తల ఆనించి నములుతూనే ఉంది. దస్తగిరి ఆమెను చూశాడు, గుర్రాన్ని చూశాడు. ఏమనుకున్నాడో, తనే గొంతెత్తి ఒక కేకేశాడు. అంతే, సుబ్బరత్తమ్మ గిరుక్కున తిరిగి మల్లె మెడ కావలించుకుని గొంతు లేకుండానే భోరుమంది. ఆ పూట మల్లె గడ్డి చాలక ఉలవలూ తింది, పుల్లన్న తువ్వాలు అంచూ కొంత తింది.

పొద్దున్నే దస్తగిరి వచ్చాడు. గుర్రానికి నయమైంది కదా, ఇంక టెంటు ఎత్తేసి బయల్దేరండి అని దండం పెట్టి మరీ చెప్పాడు.

ఎత్తేశారు. ముందు ఒక మూల పుల్లన్న, ఒక మూల గిడ్డయ్య, వెనక మూల సుబ్బరత్తమ్మ, మిగిలింది కలెక్టరు జీనుకు కట్టారు. టెంటులోనే ఉండమన్నారు గనక అవ్వ లోపల నడుస్తోంది. మల్లె వెనకాల వస్తోంది. గేటు దాటి ఘాట్ రోడ్డెక్కాక పుల్లన్నకు చేతులు లాగి, దీన్ని ఎక్కడ దించాలని వెనక్కి తిరిగి అరిచి అడిగాడు.

"అక్కడే దించండన్నా, మీ పుణ్యముంటుంది," అని దస్తగిరి గేటు దగ్గర నుంచే అరిచాడు.

అక్కడే దించారు. రోడ్డు మధ్యలో. అవ్వ లోపల చాప పరుచుకుంది.

కాసేపటికి మలుపు తిరిగి బస్సొచ్చింది. ఆగింది. హారన్ కొట్టింది. కండక్టరు దిగాడు, మర్యాదస్తుడు. ముసలావిడ పడుకుని ఉండటం చూసి మెత్తగానే అడిగాడు.

"కాస్త జరగండమ్మా."

సుబ్బరత్తమ్మ సైగ చేసింది. అందరూ టెంటు పట్టుకుని జానెడు ముందుకు జరిగారు. బస్సు జానెడు కదిలి ఆగింది. ఇంకాస్త అన్నాడు కండక్టరు. ఇంకో జానెడు జరిగారు.

ఆ బస్సు కొండ దిగేసరికి మధ్యాహ్నమైంది.