రెండు పక్కలా కాడి మోసిన నక్క

అడవికీ చేలకీ నడుమ ఒక గడ్డి బీడు ఉండేది. ఎండాకాలం ఎక్కడా పరక మిగలకపోయినా ఆ బీడులో మేత దొరికేది. చుట్టుపట్ల ఎడ్లన్నీ దాని మీదే బతికేవి. బీడు ఎవరిదో తేల్చేది సింహం కొలువు. ఆ కొలువులో ఎడ్ల తరఫున మాట్లాడేది కాడి సంఘం అధ్యక్షుడు.

ఆ కుర్చీ మీద పరంధామం అనే నక్క కన్ను పడింది. నక్క గడ్డి తినదన్నది నిజమే. కానీ కుర్చీ దక్కితే బీడును తోడేలు భద్రయ్యకు రాయించడానికీ, అక్కడ దొరికే వేటలో మూడో వంతు తను తీసుకోవడానికీ ఇద్దరికీ ముందే మాటైంది.

సంఘం నియమం ఒక్కటే. కాడి మోసినవాడు ఎవరైనా పోటీ చేయొచ్చు. పరంధామం పుట్టి బుద్ధెరిగాక కాడి ముట్టిన పాపాన పోలేదు. అయితేనేం, తుమ్మజిగురులో బూడిద కలిపి కాడి ఒరిపిడికి కాసినట్టు మెడ మీద ఇంత కాయ అతికించుకున్నాడు. ఆకుపచ్చ కండువా వేసుకుని కొట్టం కొట్టం తిరిగాడు. ఏ ఎద్దు మెడ మీద పుండు కనబడినా బొటబొటా కన్నీళ్ళు కార్చాడు.

"ఎద్దు పుండు కాకికి ముద్దు" అని గొణిగాడు ముసలి ఎద్దు మైలన్న. కుర్ర ఎడ్లు వినిపించుకోలేదు.

ఏరువాక పున్నమి పొద్దున దుక్కిచేలో ఎన్నిక. భద్రయ్య గట్టు పక్క పొదలో నక్కి వింటున్నాడు. పరంధామం గట్టెక్కి గొంతు సవరించుకున్నాడు.

"అన్నల్లారా! నేను కొలువుల్లో పెరిగినవాణ్ణి కాదు, దుక్కిలో పెరిగినవాణ్ణి. కావాలంటే నా మెడ చూడండి!"

"మన కష్టం తెలిసినోడురా!" అని రంకె వేశాడు పుల్లడనే కుర్రెద్దు.

మైలన్న మెల్లగా లేచాడు. ముసలాడు కాయను గీకి చూస్తాడేమోనని పరంధామం కండువా మెడ మీదికి లాక్కున్నాడు. మైలన్న దగ్గరికైనా రాలేదు.

"చానా సంతోషం నాయనా. ఒక్క మాట చెప్పు. నువ్వు దాపటా, వలపటా?"

ఓస్ ఇంతేనా అనుకున్నాడు పరంధామం. ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్క కట్టేది వలపటెద్దు. కొట్టాల్లో తిరిగి ఆ మాత్రం నేర్చుకున్నాడు. కానీ సభలో వాళ్ళు సగం, వీళ్ళు సగం ఉన్నారు. ఏది చెప్పినా సగం ఓట్లకు నీళ్ళొదులుకోవాలి.

"నాకా తేడాలేం లేవు మావా! పొద్దున దాపట, మధ్యాహ్నం వలపట. రెండు పక్కలా లాగాను. నాకు అందరూ సమానమే!"

అని, రంకెల కోసం ఎదురుచూశాడు. ఒక్కటీ రాలేదు. దూడ వయసులో ఏ పక్కన కడితే చచ్చేదాకా ఎద్దుది ఆ పక్కే. పక్క మారిస్తే అడుగు తడబడుతుంది, నాగటి చాలు వంకర పోతుంది. ఆ సంగతి పుల్లడికి కూడా తెలుసు. వాడి తోక ఊగడం ఆగిపోయింది.

మైలన్న కోప్పడలేదు. "రెండు పక్కలా లాగినోణ్ణి నా ఇన్నేళ్ళ బతుకులో చూడలేదు నాయనా. ఇంకేం, కుర్చీ నీదే. మన ఆనవాయితీ ఉందిగా, అధ్యక్షుడు ఏరువాక మొదటి చాలు దున్నాలి. నా జతగాడు నిరుడు పోయాడు. దాపట ఖాళీగానే ఉంది, రా."

"ఇవాళ నడుం పట్టేసింది మావా, రేపు..."

"నడుం పట్టుకి దుక్కిని మించిన మందు లేదన్నా!" అంటూ పుల్లడు కాడి పట్టుకొచ్చాడు.

పరంధామం గట్టు దిగేలోపే పలుపు బిగిసింది. ఎన్నిక చూడ్డానికి అడవి నుంచి వచ్చిన ఎలుగుబంటి నాగలి మేడి పట్టుకుంది. మైలన్న ఒక్క అడుగు వేశాడు. కాడి ఒరిగింది, నక్క ముందుకాళ్ళు గాల్లో తేలాయి, అతికించిన కాయ ఊడి మట్టిలో పడింది. పది బారలు పోకముందే పరంధామానికి ఓట్లూ సభా ఏవీ గుర్తు లేవు. ప్రాణం ఒక్కటే గుర్తుంది.

"భద్రయ్య బావా! పొదలోంచి బయటికి రా! నన్ను విడిపిస్తే బీడంతా ఇవాళే నీకు రాయించేస్తాను! నా మూడో వంతు కూడా వద్దు!"

వంద జతల కొమ్ములు ఒక్కసారిగా పొద వైపు తిరిగాయి.

"ఎవరికి బావ? ఏ బావ?" అన్న మాట పొదలోంచి వినిపించింది. ఆ వెనకే తోడేలు తోక ముడిచి పరుగెత్తడం కనిపించింది.

మైలన్న ఆగి, పక్కకు చూశాడు. పరంధామం నాలుక వేలాడేసి రొప్పుతున్నాడు.

"విప్పండి మావా, మీకు పుణ్యముంటుంది."

"విప్పుతాం నాయనా. ఈ చాలు దాపట లాగావు. వెనక్కి వచ్చే చాలు పుల్లడికి జతగా వలపట లాగు. రెండూ వచ్చన్నావుగా."

ఆ ఏడాది బీడు ఎడ్లకే మిగిలింది. కుర్చీలో మైలన్న కూర్చున్నాడు. పరంధామం మెడ మీద మాత్రం నిజమైన కాయ ఒకటి కాసింది. దాన్ని ఎవరికీ చూపించకుండా కండువాతో కప్పుకుని తిరిగేవాడు.

కాడి మోసినవాడికి తన పక్క తెలుసు. అన్ని పక్కలూ నావే అన్నవాడు ఏ పక్కా మోసి ఉండడు.