సూరవ్వ నింపిన సిరాబుడ్లు

ఒకానొక రాజుగారి కోటలో ఖాళీ అయిన సిరాబుడ్లను సూరవ్వ ఏరి, కడిగి, తాను కాచిన సిరా నింపి ఇచ్చేది. ముప్పై ఏళ్లుగా అదే ఆమెకు కూడు.

మొన్ననే పెద్ద లేఖకుడు భైరవయ్య బావమరిది కొత్త బుడ్ల అంగడి తెరిచాడు. పేదల నోటికాడ కూడు లాగడానికి ఒక్క బావమరిది చాలు. భైరవయ్య కొలువులో లేచి, "ప్రభూ, వాడేసిన బుడ్డిలో పోసిన సిరా మైలసిరా. దానితో రాసిన ఏ రాతా చెల్లదని శాసనం చేయించండి" అన్నాడు.

రాజుగారు సూరవ్వను పిలిపించారు. "నువ్వేమంటావే అవ్వా?"

"అట్లాగే చేయించండి మారాజా. మొన్నటిదాకా కోటలో ఉన్నవన్నీ నేను నింపిన బుడ్లే. భైరవయ్యగారి మాన్యం పట్టా కూడా వాటితోనే రాశారు. మరి ఆ పొలం ఇవాళే ఖాళీ చేయిస్తారా, పంట కోసుకోనిస్తారా?"

రాజుగారు భైరవయ్య వైపు చూశారు.

భైరవయ్య గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, బుడ్డి పాతబడేకొద్దీ సిరాకు నిలకడ వస్తుందని మా తాతగారు అనేవారు."

"అయితే ఇకపై కోటలో పాత బుడ్లే వాడాలని రాయి" అన్నారు రాజుగారు.

భైరవయ్య రాశాడు. దస్తూరి చాలా బాగుంది.