తొమ్మిదో తెర

ఏటిగట్టు మీది వరద హెచ్చరిక గదిలో భానోజీ అనే ఉద్యోగి ఉండేవాడు. పనిమంతుడే గాని, కంప్యూటరు తెర మీద ఒక్క గీత పక్కకి జరిగినా వాడికి ముద్ద దిగేది కాదు.

వాడి తెర చూసి తీరాల్సిందే పిల్లలూ! మన కంప్యూటర్లలో విండోలు సంతనాటి బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. భానోజీ విండోలు అలా కాదు. గచ్చు మీద పలకలు పరిచినట్టు పక్కపక్కనే ఒద్దికగా నిలబడేవి. కొత్తది తెరిస్తే పాతవి వాటంతటవే ఒదిగి చోటిచ్చేవి. ఇదంతా ఒక ఫైలు మహిమ. అందులో బొమ్మల్లేవు, బొత్తాల్లేవు, వట్టి అక్షరాలు. ఏ విండో ఎక్కడ ఉండాలి, ఏ మీట నొక్కితే ఏ తెర రావాలి, పలకకీ పలకకీ మధ్య ఎంత సందు వదలాలి, అన్నీ అందులో వరసగా రాసి ఉండేవి. రాసింది రాసినట్టు కంప్యూటరు చేసేది. భానోజీ ఆ ఫైలు దిద్దినన్నిసార్లు బ్రహ్మదేవుడు తలరాతలు కూడా దిద్ది ఉండడు. ఆ సందుని వెంట్రుకవాసి పెంచి, మళ్లీ తగ్గించి మురిసిపోయేలోగా వాడి టీ మీద మీగడ కట్టేది, మీగడ మీద దుమ్ము కట్టేది, దుమ్ములో గడ్డి కూడా మొలిచేది!

భానోజీకి తల్లి లేదు. అక్క పైడమ్మే పెంచింది. ఎండాకాలం ఏరు ఎండగానే ఆమె ఇసుకలో పుచ్చపాదులు పెట్టేది. మధ్యాహ్నం ఒక కాయ చంకనెట్టుకుని గట్టెక్కి వచ్చేది. ఆ కాయ ఎంతదనుకున్నారు? లోపల పెళ్లివారు విడిది చేయొచ్చు!

"ఏట్రా తమ్ముడా, ఇంకా ఆ గీతలే సర్దుతున్నావా?" అనేది. "నా పుచ్చతీగ చూడు. దానికి నచ్చినవైపు పాకుతాది, అయినా కాయ కాస్తాది. నీ తెర ఏం కాస్తందిరా?"

"నీకు తెలీదులే అక్కా," అని భానోజీ నవ్వేవాడు.

ఆ గదికి ఉన్న పని ఒక్కటే. ఎగువ ఆనకట్ట వాళ్లు తలుపులు ఎత్తే ముందు కబురు పంపేవారు. అది ఎర్రటి విండోగా తెర మధ్యలోకి దూకేది. చూడగానే గదిలోవాళ్లు సైరన్ మోగించాలి. ఇసుకలో ఉన్న పాదుల వాళ్లంతా గట్టెక్కాలి. కంప్యూటరుకి స్పీకరు ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ఆ ఎరుపే దిక్కు.

అయితే రోజూ పొద్దున్నే పరీక్ష కోసం కూడా ఆ ఎర్ర విండో వచ్చేది. వచ్చీరాగానే పలకలన్నీ నలిగి మూలలకి పోయేవి. భానోజీకి అది కంట్లో నలుసులా ఉండేది. ఒకరోజు ఫైలు తెరిచి, ఎర్ర విండో ఎప్పుడొచ్చినా తొమ్మిదో తెర మీదికి పోవాలని ఒక్క వరస రాశాడు. ఆ ఒక్క కంప్యూటర్లోనే ఒకదాని వెనక ఒకటిగా తొమ్మిది తెరలుండేవి; తొమ్మిదోది దాని మీట నొక్కితే తప్ప కనబడదు.

అదే గదిలో పనిచేసే నూకరత్నం మర్నాడే పసిగట్టింది.

"బాబూ, పొద్దుట వచ్చే ఎర్రది రాలేదేం?"

"వచ్చింది పిన్నీ. తొమ్మిదో తెర మీద ఉంది. రోజూ నేను చూస్తాగా!"

"నాకు కనబడేచోట పెట్టరాదూ?"

"పెడితే తెరంతా చిందరవందర అయిపోతుంది పిన్నీ. నామీద నమ్మకం లేదా?"

నూకరత్నం తన పనిలోకి వెళ్లిపోయింది. భానోజీ కొన్నాళ్లు నిజంగానే మీట నొక్కి చూశాడు. తర్వాత అప్పుడప్పుడు చూశాడు. ఆ తర్వాత మరిచిపోయాడు. ఎగువ ఆనకట్ట వాళ్లకీ అనుమానం రాలేదు. ఏ తెర మీదైనా సరే, విండో తెరుచుకుంటే చాలు, 'అందింది' అని వాళ్లకి జవాబు దానంతటదే వెళ్లిపోయేది.

వేసవి చివర్లో ఎగువ కొండల్లో పెద్దవాన పడి ఆనకట్ట నిండింది. ఇక్కడ మాత్రం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. భానోజీ ఆ మధ్యాహ్నం పలకల మధ్య సందు దిద్దుతున్నాడు. ఎట్టకేలకి మనసుకు నచ్చినట్టు కుదిరింది. తెరని ఫోటో తీసి స్నేహితులకి పంపాడు. "అద్భుతం" అని ఒకడు జవాబిచ్చాడు.

అప్పుడే నూకరత్నం గుమ్మంలోంచి కేకేసింది. "బాబూ, ఏటి రంగు మారింది. ఇలా వచ్చి చూడు!"

"తెర మీద ఏం లేదు పిన్నీ," అన్నాడు భానోజీ, లేవకుండా.

కింద ఇసుకలో, పక్కపాదు గవరయ్యకి దూరాన నురగ కనబడింది. పరుగందుకుంటూ, "పైడమ్మా, నీళ్లు! గట్టెక్కు!" అని అరిచాడు.

పైడమ్మ తలెత్తి సైరన్ గది వైపు చూసింది. "కంగారెందుకు బావా? గదిలో మా తమ్ముడున్నాడు. వాడు మోగించకుండా నీళ్లెలా వస్తాయి?" అంది. ఎండ తగలకుండా ఒక కాయ మీద ఆకు కప్పడానికి వంగింది.

నూకరత్నం ఇక భానోజీని అడగలేదు. పరుగెత్తుకొచ్చి తనే సైరన్ మోగించింది. గట్టుకి దగ్గరున్నవాళ్లు బతికారు. పైడమ్మ పాదు నడి ఏట్లో ఉంది. ఆ నీళ్ల గురించి నేను పెంచి చెప్పక్కర్లేదు పిల్లలూ.

సాయంత్రం పైడమ్మను కిందిరేవు దగ్గర నీళ్లలోంచి తీశారు. ఒంటికి పుచ్చతీగ చుట్టుకుని ఉంది.

భానోజీ గదికి తిరిగొచ్చాడు. నిలబడే ఆ మీట నొక్కాడు. తొమ్మిదో తెర వచ్చింది. ఇన్నాళ్ల పరీక్షలూ, ఆ మధ్యాహ్నం వచ్చిన అసలు హెచ్చరికలూ అన్నీ అక్కడే ఉన్నాయి. ఒకదాన్నొకటి తాకకుండా, వాడు రాసిన సందు వాడు రాసినట్టే వదిలి, తెరనిండా ఎర్రగా, ఒద్దికగా నిలబడి ఉన్నాయి. ఒక్క గీత కూడా పక్కకి జరగలేదు.

నూకరత్నం వాడి పక్కన నిలబడి చూసింది. "ఆ వరస తీసెయ్యి బాబూ," అంది.

వాడు తీసేశాడు. పైడమ్మ తిరిగి రాలేదు.

నీతి: చూపుకి అడ్డంగా ఉందని హెచ్చరికని కనబడనిచోట దాచేవాడు, తనని నమ్ముకున్నవాళ్లని ప్రమాదానికి అప్పగిస్తాడు.